మూడో గది, ముప్పై నాలుగో సెకను

ఆ స్టూడియోలో మూడో గది మంచిది కాదు. రాత్రి తొమ్మిది దాటాక అందులో కూర్చున్నవాళ్ళు మర్నాడు పనికి రారు.

ఇప్పటికి ముగ్గురు పోయారు. మొదటివాడు హెడ్‌ఫోన్సు మెడలో వేలాడుతుండగానే మెట్లు దిగిపోయాడు. రెండోవాడు చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. ఆ చెప్పులు వాచ్‌మన్‌కి సరిగ్గా సరిపోయాయి. మూడోవాడు మర్యాదస్తుడు, రాజీనామా రాసి బల్ల మీద పెట్టి మరీ పోయాడు. కారణం అన్న చోట ఒక్కటే మాట రాశాడు — "ఊపిరి".

ఇది నేను చూసింది కాదు, విన్నది. చెప్పినవాడు అబద్ధమాడితే ఇంతకంటే నమ్మేలా ఆడగలడు, కాబట్టి నిజమే అయ్యుండాలి. ఉప్పూ కారం నేనేమీ కలపలేదు. కలిపినా చిటికెడే.

గది మూడో అంతస్తులో, నడవా చివర ఉంటుంది. తలుపు పక్కన గోడకి ఒక ఫోటో. పెద్దాయన, మెడలో హెడ్‌ఫోన్సు, పెదవుల మీద చూపుడు వేలు. కింద ఒక తారీఖు. పైన చిన్న బల్బు, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ఆయన అక్కడ సౌండు రికార్డిస్టు. మైకు పెట్టిన చోటల్లా "ష్ష్" అనడం ఆయన పని, పనయ్యాక కూడా అదే అలవాటు. పిల్లల్ని ష్ష్ అన్నాడు, పిల్లుల్ని ష్ష్ అన్నాడు, ఒకసారి వానని కూడా అన్నాడంటారు. అందుకని అందరూ ఆయన్ని ష్ష్ గారు అనేవారు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ గదిలోనే, పని చేస్తూ చేస్తూ, కుర్చీలో గుండె ఆగి పోయారట. ఆ సంగతి చెప్పేటప్పుడు స్టూడియో ప్రొప్రైటరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.

అప్పట్నుంచీ ఆ గదిలో… రాత్రిపూట… అన్ని శబ్దాలూ ఆగిన చోట… ఎవరో ఊపిరి వదులుతారు.

"హుఁ…"

అంతే. ఏడుపు లేదు, నవ్వు లేదు, గజ్జెలు లేవు. "గజ్జెలైతే కాస్త నయం సార్, ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది," అంటాడు వాచ్‌మన్. "ఇది చెవి పక్కనే."

ఇక మన ఎడిటరు సంగతి.

వీడియోలు కత్తిరించి అతికించడం, వాటికి శబ్దం కలపడం అతని పని. మూడు నెలల ట్రయలు మీద చేరాడు. ఆ మూడు నెలలూ మర్నాటితో పూర్తి. పర్మనెంటు అయితే సరే సరి, కాకపోతే ఇల్లు ఖాళీ చేసి మామగారి గుమ్మంలో నిలబడాలి. చిక్కేమిటంటే, పర్మనెంటు అయిపోయిందని మామగారికి మొదటి నెలలోనే చెప్పేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఆ మాట నమ్మి భార్య తన టీచరు ఉద్యోగం మానేసి, సామానంతా సర్దుకుని వచ్చింది. ఇప్పుడు ఆవిడకి ఏడో నెల.

పనిలో చురుకే. ఒక్కటే లోపం — ఏదీ చివరిదాకా వినడు. "కూరలోకి ఉప్పు…" అని భార్య మొదలుపెడితే "సరిపోయిందిలే" అనేస్తాడు. "అయిపోయింది, తెమ్మంటున్నాను," అంటుంది ఆవిడ. ఆవిడ అతనికి పెట్టుకున్న పేరు సగంచెవి. శబ్దాలు కలిపేవాడికి సగంచెవి అని పేరు రావడమంటే వంటవాడికి నాలుక లేదనడమే. అతనికి లోలోపల కష్టంగానే ఉండేది.

నీళ్ళ మోటార్లు తయారుచేసే ఒక కంపెనీకి యాభై ఏళ్ళు నిండాయి. దాని మీద ఇరవై ఆరు నిమిషాల సినిమా. పొద్దున్న పదింటికి కంపెనీ హాల్లో మేడం ముందు వెయ్యాలి. మేడం అంటే కంపెనీ పెట్టినాయన భార్య; ఆయన పోయాక అన్నీ ఆవిడే చూసుకుంటోంది. స్టూడియోకి సగం పని ఆవిడ ఇచ్చేదే, కాబట్టి ఆవిడ తుమ్మితే ప్రొప్రైటరుకి జలుబు చేస్తుంది.

బొమ్మలన్నీ మేడం చూసి సరే అనేశారు. మానిటరు అంచుకి ప్రొప్రైటరు చీటీ అంటించి పోయాడు — "పిక్చర్ లాక్. ఒక్క ఫ్రేమ్ కదిలినా ఊరుకోను. సౌండు మాత్రం చూడు."

మొదటి రెండు గదుల్లోనూ వేరే పనులు నడుస్తున్నాయి. "మూడో గదిలో కూర్చో," అన్నాడు ప్రొప్రైటరు. "నీకు అలాంటి నమ్మకాలు లేవుగా?"

లేవన్నాడు. పగటిపూట ఆ మాట అనడానికి ధైర్యం అక్కర్లేదు.

తొమ్మిదింటికి ప్రొప్రైటరు వెళుతూ వెళుతూ ఏసీ కట్టేయించాడు. రోజూ అంతే, యంత్రానికి విశ్రాంతి కావాలంటాడు. పక్క గదులవాళ్ళు పదికల్లా సర్దుకున్నారు. పోతూ పోతూ ఒకడు తలుపులోంచి తల పెట్టి, "చెప్పులు కాళ్ళకే ఉంచుకో," అని చెప్పి వెళ్ళాడు.

తెర మీద నాలుగు పట్టీలు, ఒకదాని కింద ఒకటి. మొదటిది మాటలు. రెండోది సంగీతం. మూడోది మోటార్ల చప్పుడు. నాలుగోది చూడ్డానికి ఖాళీ, కానీ ఖాళీ కాదు. ఏ గదికైనా దానిదంటూ సన్నటి హోరు ఒకటుంటుంది. ఉన్నప్పుడు మనం వినం. లేకపోతే మాత్రం మాటకీ మాటకీ మధ్య గోతిలో పడ్డట్టుంటుంది. ఆ గోతులు పూడ్చడానికి ప్రతి స్టూడియోలోనూ ఉత్త గది చప్పుడు కొంత రికార్డు చేసి దాచుకుంటారు. ఇక్కడి ఫైలు పేరు "మౌనం". నలభై సెకన్లు. ఏళ్ళ తరబడి ఏ సినిమాకైనా అందరూ అదే పరుస్తున్నారు.

మాట పైకి, సంగీతం కిందికి… మాట ఆగగానే సంగీతం మళ్ళీ పైకి… మోటారు చప్పుడు ఎంత తగ్గించినా ఇంకా మోటారులాగే ఉంది. పన్నెండయ్యేసరికి పద్దెనిమిదో నిమిషానికి వచ్చాడు.

అక్కడ కంపెనీకి పనిచేసి పోయినవాళ్ళకి శ్రద్ధాంజలి. మామూలుగా నిమిషం మౌనం. ప్రొప్రైటరు దాన్ని నలభై సెకన్లకి కుదించాడు. అంతకు మించితే జనం బాధపడటం మానేసి దగ్గుతారని ఆయన అనుభవం. మూడు ఫోటోలు. మొదటిది కంపెనీ పెట్టినాయన. రెండోది ఒక పాత ఫోర్‌మన్. మూడోది… ష్ష్ గారు. ఆ కంపెనీ తీయించిన సినిమాలన్నిటికీ సౌండు ఆయనదే, అందుకని మేడం పట్టుబట్టి పెట్టించారు. గోడ మీదున్న ఫోటోనే.

సంగీతం ఆపాడు. నాలుగో పట్టీలో మౌనం పరిచాడు. ప్లే నొక్కి కుర్చీలో వెనక్కి వాలాడు.

పెద్దాయన… ఫోర్‌మన్… ష్ష్ గారు, పెదవుల మీద వేలు…

"హుఁ…"

ఎడిటరు వెనక్కి తిరిగి చూశాడు. తలుపు మూసే ఉంది.

తనే ఊపిరి వదిలి ఉంటాననుకున్నాడు. ఈసారి ముక్కు పట్టుకుని, నోరు బిగించి, ప్లే నొక్కాడు.

పెద్దాయన… ఫోర్‌మన్… వేలు…

"హుఁ…"

సరిగ్గా ఆ ఫోటో వచ్చిన రెండు సెకన్లకి — ఆ మనిషే తెర మీదకి వచ్చి, ఇంకా నన్ను ఇక్కడే కూర్చోబెట్టారా అన్నట్టు.

అయినా చదువుకున్నవాడు కదా. ఒక్కో పట్టీనీ విడిగా విందామనుకున్నాడు. మాటలు మాత్రం ఉంచి తక్కినవి ఆపాడు. ఏమీ లేదు. సంగీతం మాత్రం ఉంచాడు. ఏమీ లేదు. మోటార్లు. ఏమీ లేదు. నాలుగోది ఉంచాడు… హోరు… ఉత్త హోరు… పది సెకన్లు విన్నాడు. మౌనంలో వినడానికేముంటుందని ముందుకి జరిగిపోయాడు.

నాలుగూ కలిపి వేశాడు.

"హుఁ…"

విడివిడిగా లేనిది కలిపితే ఎక్కణ్ణుంచి వచ్చింది? నాలుగు పట్టీలూ ఆపేశాడు. స్పీకర్లు కూడా కట్టేశాడు. ఇక ఈ గదిలో శబ్దం రావడానికి దారే లేదు.

అప్పుడు… వీపు వెనక… చెవికి దగ్గరగా…

"హుఁ…"

పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూస్తే వాచ్‌మన్, చేతిలో టీ ఫ్లాస్కు, మూడంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసం.

"భయపడ్డారా సార్?"

"లేదు."

"మరి కుర్చీ ఎందుకెక్కారు?"

ఎడిటరు దిగాడు. టీ తాగాడు. వాచ్‌మన్ గొంతు తగ్గించి, "ఆ ఊపిరి వినపడిందా సార్?" అన్నాడు. అన్నాక సమాధానం కోసం ఆగలేదు. ఆ చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లన్నీ దిగి, కింద గేటు దగ్గర రేడియో పెద్దగా పెట్టుకున్నాడు.

ఒకటింటికి భార్య ఫోను చేసింది. ఇంకా రాలేదేమని కాదు. అతని గొంతు విందామని. అతను ఉన్నదంతా చెప్పాడు. ఇప్పుడే లేచి వచ్చేస్తానని కూడా అన్నాడు.

"వచ్చేస్తే రేపు?" అంది.

అతను మానిటరు అంచున ఉన్న చీటీ వైపు చూశాడు.

"ఏవండీ, ఒకటడుగుతాను. నాలుగూ విడిగా విన్నానన్నారు. చివరిదాకా విన్నారా?"

"విన్నాను."

"ఆ ఖాళీదో?"

"ఖాళీదాన్ని చివరిదాకా వినడమేంటి?"

"అదే అంటున్నాను," అంది సగంచెవి భార్య. "మీరు ఏది చివరిదాకా విన్నారు గనక."

ఫోను బల్ల మీద పెట్టి, ఆవిడ లైన్లో ఉండగానే, నాలుగో పట్టీ ఒక్కటే ఉంచి మొదట్నుంచి వేశాడు. పది… ఇరవై… ఇరవై ఐదు దాటాక కాలు ఊపడం మొదలుపెట్టాడు. ముప్పై… ముప్పై రెండు… ముప్పై నాలుగో సెకనులో నాలుగో పట్టీ పక్కన, శబ్దం కొలిచే ఆకుపచ్చ గీత ఒక్కసారి లేచి పడింది.

"హుఁ…"

"నాకూ వినపడిందండీ," అంది భార్య. "పాపం, ఎవరో విసిగిపోయినట్టున్నారు."

దెయ్యం దొరికిపోయింది. ఫైల్లో ఉంది. తొమ్మిదేళ్ళుగా అందరూ ఏ సినిమాలో మౌనం పరిచినా ఆ ఊపిరి కూడా దానితోపాటే వెళుతోంది. పగలు ఏసీ మోతలో వినపడదు, హాళ్ళలో ఫ్యాన్ల కింద వినపడదు. రాత్రి ఏసీ కట్టేశాక, ఈ గదిలోని మంచి స్పీకర్లలో మాత్రం చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. ఎడిటరుకి నవ్వొచ్చింది. భార్యని పడుకోమని చెప్పి ఫోను పెట్టేశాడు. ఒక్క సెకను కత్తిరిస్తే సరి.

కత్తిరించే ముందు ఊరికే, ఎవరి ఊపిరో చూద్దామని, ఫైలు వివరాలు తెరిచాడు. తెరవకుండా ఉంటే ఆ రాత్రి హాయిగా గడిచేది.

రికార్డు చేసిన తారీఖు ఉంది. ఎక్కడో చూసిన తారీఖు. నడవాలోకి వెళ్ళి బల్బు కింద నిలబడ్డాడు. ఫోటో కింద ఉన్న తారీఖు అదే.

అంటే ఆ రోజే. ఈ గదిలోనే. ఆ కుర్చీలోనే… అది ఊరికే వదిలిన ఊపిరి కాదు. ఆఖరిది.

ఇంతసేపూ తను కూర్చున్న కుర్చీ అదేనా అని చూశాడు. పాతదే. కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే కిందికి చదివాడు. వివరాల అడుగున, ఎవరూ తెరిచి చూడని చోట, ఒక నోటు ఉంది.

"తప్పు టేకు. 34వ సెకనులో ఊపిరి. వాడొద్దు. మళ్ళీ రికార్డు చెయ్యాలి. సందేహముంటే ఫోను చేయండి." కింద ఒక నంబరు.

రెండుసార్లు చదివాక గానీ బుర్రకెక్కలేదు. ఆఖరి ఊపిరి ముప్పై నాలుగో సెకనులో పోతే… ఆ తర్వాత ఈ నోటు రాసిందెవరు?

ఆ ప్రశ్నతో పొద్దున్నదాకా ఒంటరిగా కూర్చోవడం కంటే ఫోను చెయ్యడమే నయమనిపించింది. నంబరు నొక్కాడు. ఒక రింగు… మూడు… ఆరు… ఎవరో ఎత్తారు. మాట లేదు. తర్వాత —

"హుఁ…"

అదే. అచ్చంగా అదే. ఫోను జారి బల్ల మీద పడింది. అందులోంచి ఒక ముసలి గొంతు, "ఎవరూ?" అంది.

"ష్ష్ గారేనా అండీ?"

"ఆ పేరుతో పిలిచి చాలా ఏళ్ళయింది. ఎవరు బాబూ ఈ వేళప్పుడు?"

"మీరు… చనిపోలేదా అండీ?"

"నాకెవరూ చెప్పలేదే," అంది గొంతు. "ఎప్పుడట?"

"తొమ్మిదేళ్ళయిందండీ. గుండెపోటు. మూడో గదిలో, కుర్చీలో."

"పని చేస్తూనా?"

"అవునండీ."

"అయితే మీ ప్రొప్రైటరు మంచి చావే ఇచ్చాడు," అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత ఏ ఫైలు చూసి ఫోను చేశావని అడిగాడు. మౌనం అని చెప్పగానే ఆ గొంతు మారిపోయింది. "తప్పు టేకని రాశానే. ఎవరూ చదవలేదా?"

"లేదండీ."

"తొమ్మిదేళ్ళూ అదే వాడారా? మేడం గారి సినిమాల్లో కూడానా?"

చావు కబురుకి రాని బాధ ఆయనకి అప్పుడొచ్చింది. వస్తున్నానన్నాడు.

నిజం తెలిసినవాడు ఊరుకోవాలి కదా. మన ఎడిటరు ఊరుకోలేదు. బతికున్న మనిషి ఫోటో రేపు శ్రద్ధాంజలిలో పడితే కొంప మునుగుతుందని ప్రొప్రైటరుకి ఏడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. మెసేజి పెట్టాడు — "సార్, ష్ష్ గారు బతికే ఉన్నారు. ఫోటో తీసెయ్యమంటారా?" చాలా మంచి పని చేశాననుకున్నాడు.

నాలుగింటికి కింద రేడియో ఆగిపోయింది. గేటు చప్పుడు. తర్వాత ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు, అదీ వీధి వైపుకి. ఎడిటరు కిటికీలోంచి చూస్తే వాచ్‌మన్ మలుపు తిరిగిపోతున్నాడు. రోజూ తుడిచే ఫోటోలోని మనిషి స్కూటరు దిగి "మూడో గది తాళం తీసే ఉందా?" అని అడిగితే ఎవరు మాత్రం నిలబడతారు. ఆ చెప్పులు రెండోసారి దిక్కులేనివయ్యాయి.

పెద్దాయన భుజాన సంచీతో మెట్లెక్కి వచ్చాడు. నడవాలో తన ఫోటో ముందు ఆగాడు. కింద తారీఖు చదివాడు. పైన బల్బు చూశాడు. మనిషి ఏడుస్తాడేమోనని ఎడిటరు దూరంగా నిలబడ్డాడు.

"ఈ బల్బు సన్నగా కూస్తోంది," అన్నాడు పెద్దాయన. "తలుపు తీసినప్పుడల్లా రికార్డులో పడుతుంది." చెయ్యి పెట్టి తీసేశాడు.

లోపల సినిమాలో ఆ నలభై సెకన్లూ చూశాడు. తన ఫోటో, తన ఊపిరి.

"ఫోటో బాగుంది," అన్నాడు. "సౌండే బాలేదు."

"అసలు ఆ రోజు ఏం జరిగిందండీ?"

ఆయన మైకు బిగిస్తూ చెప్పాడు. పెద్ద కథేం కాదు. రికార్డు నొక్కి, గది చప్పుడు కోసం కదలకుండా నిలబడి ఉన్నాడు. ప్రొప్రైటరు చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చాడు. చేతిలో కవరు పెట్టాడు. విప్పితే, రేపట్నుంచి రానక్కర్లేదని. రికార్డు నడుస్తోంది. ఎర్ర దీపం వెలుగుతోంది. అలాంటప్పుడు ష్ష్ గారు మాట్లాడతాడా?

"ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు బాబూ. ఆయన ఎప్పుడూ ఎవరితోనూ మాటల్లో చెప్పడు. కాగితం ఇస్తాడు. నువ్వు నోరెత్తలేని సమయం చూసి ఇస్తాడు. చదివాను. ఒక్క ఊపిరి వదిలాను. ఆయన వెళ్ళిపోయాడు. మిగతా ఆరు సెకన్లూ పూర్తిచేసి, ఫైలు దాచి, నోటు రాసి, నేనూ వెళ్ళిపోయాను."

"మరి చనిపోయారని ఎందుకు…"

"మేడం గారు నన్ను అడుగుతూ ఉండేవారు. తీసేశానంటే ఆవిడ ఊరుకుంటారా? పోయాడంటే అయ్యో అంటారు." మైకు మీద వేలితో మెల్లగా తట్టి చూసుకున్నాడు. "నాకు కోపం రాలేదనుకోకు. చాలా వచ్చింది. కానీ ఆ రోజు అనాల్సిన మాట అనలేదు. మర్నాడు అందామంటే వినేవాళ్ళెవరు? అసలు తప్పు టేకు అది."

ఎడిటరు తను పెట్టిన మెసేజి సంగతి చెప్పాడు.

"పంపేశావా?"

"పంపేశానండీ."

"తొందరపడ్డావు," అన్నాడు పెద్దాయన. ఎందుకో చెప్పలేదు. ఎర్ర దీపం వెలిగించాడు. "ష్ష్."

ఇద్దరూ నిలబడ్డారు. మొదటి టేకు ఎడిటరు కడుపు గుర్రుమని పాడైంది. రెండోది కుదిరింది. పుట్టి బుద్ధెరిగాక అతను ఏదైనా చివరిదాకా వినడం అదే. మొదట హోరు. దాని వెనక దూరంగా రోడ్డు. ఇంకా వెనక తన గుండె. ముప్పై నాలుగో సెకను వచ్చింది, పోయింది. పెద్దాయన కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు, ఛాతీ కదలకుండా. నలభై.

కొత్త మౌనాన్ని నాలుగో పట్టీలో పరిచి మూడుసార్లు విన్నారు. ఎక్కడా ఏమీ లేదు. సినిమా పూర్తయింది. పెద్దాయన సంచీ సర్దుకుంటూ, "హాల్లో కూడా ఒకసారి వినాలి," అన్నాడు. "శబ్దం కలపడం గదిలో పూర్తవ్వదు బాబూ, హాల్లో అవుతుంది."

పొద్దున్న పదింటికి హాలు నిండిపోయింది. మూడొందల మంది పనివాళ్ళు, ముందు వరుసలో మేడం. రెండో వరుసలో ఎడిటరుని ప్రొప్రైటరు పిలిచి మరీ తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రాత్రి మెసేజి సంగతి ఎత్తలేదు. నవ్వుతూనే ఉన్నాడు. భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఎడిటరు గుండె తేలికపడింది, పర్మనెంటే అనుకున్నాడు. భార్యకి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచించుకున్నాడు.

లైట్లు ఆరాయి. మాటలు, సంగీతం, మోటార్లు, అన్నీ చక్కగా కుదిరాయి. పద్దెనిమిదో నిమిషం వచ్చింది. మౌనం కదా అని మేడం ఫ్యాన్లు కట్టేయమన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. మూడొందల మందిలో ఒక్కరు కదల్లేదు. సూది పడినా వినపడుతుంది.

తెర మీద కంపెనీ పెట్టినాయన.

పక్కనుంచి ఎడిటరు చేతిలోకి ఏదో వచ్చింది. కవరు.

వద్దనుకుంటూనే విప్పాడు. తెర వెలుగులో అక్షరాలు కనిపించాయి. "పని వేళలు కాని వేళల్లో యాజమాన్యాన్ని ఇబ్బంది పెట్టినందుకు… రేపటి నుంచి తమరు రానక్కర్లేదు." ప్రొప్రైటరు తల వంచుకుని, ఎంతో బాధతో, శ్రద్ధాంజలి ఘటిస్తున్నాడు.

ఫోర్‌మన్ ఫోటో వచ్చింది. ఎడిటరుకి భార్య కనిపించింది, ఏడో నెల కడుపుతో మళ్ళీ సామాను కడుతూ. మామగారు కనిపించాడు, గుమ్మంలో. ఏదో అనాలి. ఎలా అంటాడు? చుట్టూ మూడొందల మంది మౌనం.

మూడో ఫోటో వచ్చింది. పెదవుల మీద వేలు.

"హుఁ…"

హాలంతా వినపడింది. ఎడిటరు ఉలిక్కిపడ్డాడు. అది ఫైల్లో లేదు. కొత్తది పరిచాడు, మూడుసార్లు చివరిదాకా విన్నాడు. మరి ఎక్కణ్ణుంచి… అప్పుడు తెలిసింది తన నోరే తెరిచి ఉందని.

మేడం కోపంగా వెనక్కి తిరిగారు. ఆవిడ చూపు ఎడిటరు మీద పడింది. పడి, అతని భుజం మీదుగా వెనక తలుపు దగ్గరికి పోయి, అక్కడే ఆగిపోయింది. మేడం తెర వైపు చూశారు. మళ్ళీ తలుపు వైపు చూశారు. రెండు చోట్లా ఒకే మనిషి. రెండు చోట్లా పెదవుల మీద వేలు.

ఆవిడ ఏదో అనబోయారు. తలుపు దగ్గర్నుంచి గుసగుసగా ఒక మాట వచ్చింది.

"ష్ష్… ఇంకా ఆరు సెకన్లు ఉందండీ."

ఆ ఆరు సెకన్లూ హాల్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఎడిటరు చేతికి మాత్రం చీకట్లో ఏదో తగిలింది. చల్లగా… తడిగా… వణుకుతూ. చెయ్యి. ఈ కథ మొత్తంలో అతనికి నిజంగా ఒళ్ళు జలదరించింది అక్కడే. ఆ చెయ్యి మెల్లగా, చప్పుడు కాకుండా, కవరు వెనక్కి లాగుతోంది.

వదిలేస్తే ఉద్యోగం నిలబడుతుంది. ఆ సంగతి ఎడిటరుకి తెలుసు. ఆరు సెకన్లూ వదల్లేదు.

లైట్లు వెలిగేసరికి కవరు ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

"ఏమిటది?" అన్నారు మేడం. "ఇలా ఇవ్వండి."